ఎవరిని చంపారు, ఎవరనుకుని చంపారు: అమెరికా విద్వేష నేరాల నమోదుపై ఒక పరిశీలన

విద్వేష నేరాల లెక్కలు ఏటా సేకరించి ప్రకటించాలని అమెరికాలో 1990లో చట్టం వచ్చింది. ఆచరణలో ఆ పని ఎఫ్‌బీఐ చేస్తోంది. స్థానిక పోలీసు శాఖలు తమ లెక్కలు పంపి తీరాలన్న నిర్బంధం మాత్రం ఆ చట్టంలో లేదు. ఇది మరిచిపోయి ఆ గణాంకాలు చదివితే తప్పుడు నిర్ధారణలకు వస్తాం.

2017నే తీసుకుందాం. ఆ ఏడాది 16,149 పోలీసు శాఖలు ఈ లెక్కల్లో పాల్గొన్నాయి. ఒక్క విద్వేష నేరమైనా జరిగిందని చెప్పినవి 2,040 మాత్రమే. తక్కినవన్నీ సున్నా వేశాయి. దేశం మొత్తం మీద నమోదైన ఘటనలు 7,175. బాధితులను నేరుగా అడిగి తెలుసుకునే న్యాయ గణాంకాల బ్యూరో సర్వే మాత్రం 2004–2015 మధ్య ఏటా సగటున 2,50,000 విద్వేష నేరాలు జరిగాయని అంచనా వేసింది. ఒకటి పోలీసులు రాసుకున్న లెక్క, మరొకటి బాధితులు చెప్పిన మాట. కనుక ఒకదాన్లోంచి ఇంకొకటి తీసేసి చూడలేం. అయినా సున్నా వేసిన ఊళ్లలో విద్వేషం లేదని నమ్మడానికి ఈ అంతరం అడ్డుపడుతుంది.

లెక్కకు ఎక్కకపోవడానికి పోలీసుల ఉదాసీనత ఒక్కటే కారణం కాదు, నమోదు పత్రంలో గడి లేకపోవడం కూడా కారణమే. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్ రాష్ట్రం ఓక్ క్రీక్ గురుద్వారాలో శ్వేతజాతి ఆధిపత్యవాది ఒకడు ఆరుగురిని కాల్చి చంపాడు. తీవ్రంగా గాయపడిన మరొకరు 2020లో కన్నుమూశారు. సిక్కులపై దాడి అని రాయడానికి అప్పటి ఎఫ్‌బీఐ పత్రంలో చోటే లేదు. తల్లిని పోగొట్టుకున్న ఓ యువకుడు మరుసటి నెలలో సెనెట్ ఉపసంఘం ముందుకు వచ్చి, తన తల్లికి కనీసం గణాంకాల్లో లెక్కకు వచ్చే గౌరవమైనా ఇవ్వమని అడిగాడు. ఈ రంగంలో ఇంతకన్నా న్యాయమైన కోరిక నాకు కనబడలేదు. 2015 నుంచి సిక్కులు, హిందువులు, అరబ్బులపై జరిగే దాడులకు వేరే గడులు వచ్చాయి.

అంతటితో సమస్య తీరలేదు. ఎఫ్‌బీఐ నియమం ప్రకారం చూడవలసింది దాడి చేసినవాడి మనసులో ఉన్న ద్వేషం ఎవరి మీద అన్నది. తలపాగా చూసి ముస్లిం అనుకుని సిక్కును కొడితే అది ముస్లింలపై జరిగిన నేరంగా నమోదవుతుంది. నేరోద్దేశాన్ని కొలవడానికి ఇది సరైన పద్ధతే. కానీ దెబ్బ తిన్న సమాజం ఆ లెక్కలో కనబడదు.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేథ్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద కాల్పులు జరిగాయి, ఒకరు చనిపోయారు. కాల్చినవాడు వాళ్లను ఇరానీయులనుకున్నాడు. 2018లో నేరం ఒప్పుకున్నాడు, యావజ్జీవ శిక్ష పడింది. ఈ హత్య వెనక ఉన్నది ఇరానీయులపై ద్వేషం. భయంతో వణికింది అమెరికాలోని భారతీయ కుటుంబాలు, ముఖ్యంగా మన తెలుగు కుటుంబాలు. నేరస్థుడి ద్వేషాన్ని మాత్రమే చూసే గడిలో ఈ రెండు నిజాలూ పట్టవు.

అందుకే నా ప్రతిపాదన: నేరస్థుడు ఎవరిని ద్వేషించాడో ఒక చోట, బాధితుడు ఏ సమాజానికి చెందినవాడో మరో చోట నమోదు చేయాలి. ఘటనల వారీగా వివరాలు తీసుకునే ఇప్పటి పద్ధతిలో బాధితుడి జాతి రాస్తారు గాని, మతం రాయరు. హిస్పానిక్ అవునా కాదా అన్నది తప్ప సంతతి గురించి అడగరు. పోలీసులు మతం అడగడం ప్రమాదమన్న అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మైనారిటీల జాబితాలు దుర్వినియోగమైన చరిత్ర ప్రపంచంలో చాలానే ఉంది. కనుక ఆ వివరం బాధితుడు తనంతట తాను చెబితేనే రాయాలి, పేరూ చిరునామా లేకుండా ప్రత్యేకంగా దాచాలి.

ఇక మొదట చెప్పిన సున్నాల సంగతి. 2021లో వచ్చిన జబారా–హేయర్ చట్టం రాష్ట్రాలకు నమోదు మెరుగుపరచుకోవడానికి నిధులు ఇస్తుంది. తుల్సాలో 2016లో, షార్లట్స్‌విల్‌లో 2017లో జరిగిన రెండు హత్యలు కోర్టుల్లో విద్వేష నేరాలుగా విచారణకు వచ్చినా ఎఫ్‌బీఐ లెక్కల్లో లేకపోవడమే ఆ చట్టానికి ప్రేరణ. అయితే లెక్క పంపడాన్ని అదీ తప్పనిసరి చేయలేదు. నిధులు పుచ్చుకున్న రాష్ట్రంలో సున్నా వేసే ప్రతి పోలీసు శాఖా ఆ సున్నా ఎలా వచ్చిందో, ఎన్ని ఫిర్యాదులు పరిశీలించి కాదన్నారో రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధుల నిబంధన ఒకటి చాలు.