అత్తయ్య చెప్పిన ఆరో సినిమా

మొన్న ఆదివారం బాగ్ లింగంపల్లిలోని మా ఇంట్లో పెద్ద పంచాయితీ. 1950లలో వచ్చిన తెలుగు సినిమాల్లో మొదటి ఐదు ఏవి?

మావయ్యగారు 'మాయాబజార్' (1957) అన్నారు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఓటింగులో భారతీయ సినిమాలన్నిటిలో మొదటి స్థానం దానిదేనని సాక్ష్యం కూడా చూపించారు. మావారు 'పాతాళభైరవి' (1951), మరిది 'దేవదాసు' (1953), నేను 'మిస్సమ్మ' (1955).

కాఫీ గ్లాసులు తీస్తూ అత్తయ్య, "బి.ఎన్. రెడ్డి గారి 'మల్లీశ్వరి' రాయమ్మా" అన్నారు. అదీ 1951లోదే. ఐదూ అయిపోయాయి.

"అందులో కథానాయిక భానుమతి. ఆవిడే 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం చేసింది. తెలుగు, తమిళం, హిందీ, మూడు భాషల్లోనూ! అది ఎవరికీ గుర్తు రాలేదేం?"

ఎవరం మాట్లాడలేదు. మాలో ఒక్కరమూ ఆ సినిమా చూడలేదు మరి. ఆడది దర్శకత్వం చేయడమే వింతైన రోజుల్లో ఎన్టీఆర్ సరసన ద్విపాత్రలు వేస్తూ సినిమా నడిపించిందావిడ. 'మాయాబజార్' 2010లో రంగులద్దుకుని మళ్లీ థియేటర్లకొచ్చింది, పిల్లలకీ తెలిసింది. మళ్లీ మళ్లీ చూపించినదే మన జాబితాకెక్కుతుంది.

కాగితం మీద ఆరో అంకె వేసి 'చండీరాణి' అని రాశాను. ఆ రాత్రి వంటిల్లు సర్దాక అత్తయ్యా నేనూ ఫోన్లో దాన్ని వెతకడం మొదలుపెట్టాం.