గొత్తికోయల వలస: తుపాకులు తగ్గాయి, సొంతూరి దారి ఇంకా తెరుచుకోలేదు

ఖమ్మం, భద్రాచలం అడవుల్లో వేలాది ఆదివాసీ కుటుంబాలు దాదాపు ఇరవై ఏళ్లుగా బతుకుతున్నాయి. వీళ్ల సొంతూరు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. గుడిసె తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో ఉంది. భూమి కాగితం మాత్రం ఎక్కడా లేదు. మన దగ్గర వీళ్లను గొత్తికోయలు అంటారు, గుత్తికోయలు అని కూడా రాస్తారు. మావోయిస్టు ఉద్యమం బలహీనపడిన ఈ రోజుల్లో వీళ్లు తిరిగి వెళ్లగలరా, ఇక్కడే ఉండిపోతే హక్కులు ఎవరిస్తారు అన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

ఎవరు వీళ్లు?

గొత్తికోయలు అన్నది ఇక్కడివాళ్లు పెట్టిన పేరు. వీళ్లలో ఎక్కువమంది బస్తర్ ప్రాంతపు మురియా ఆదివాసీలు. ఇప్పటి సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి వచ్చారు. దోర్లా తెగవాళ్లు కూడా ఉన్నారు. రాష్ట్రాల హద్దు గీయకముందు నుంచే ఈ అడవుల మధ్య చుట్టరికాలు, సంతలు, జాతరలు ఉన్నాయి. మిర్చి ఏరడానికి బస్తర్ కూలీలు ఏటా ఖమ్మం వైపు రావడం కూడా పాతదే. తేడా ఒక్కటే. మిర్చి కూలీ సీజన్ అయిపోగానే ఇంటికి పోతాడు, 2005 తర్వాత వచ్చినవాళ్లకు పోవడానికి ఊరే మిగల్లేదు.

ఎందుకు వచ్చారు?

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసీలే లేచారని ప్రభుత్వం చెప్పింది. కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ దీనికి ముందు నిలిచారు, అప్పటి బీజేపీ రాష్ట్ర ప్రభుత్వం మద్దతు ఇచ్చింది. అడవిలోని ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్కన దోర్నపాల్, ఎర్రబోరు, కోంటా లాంటి చోట్ల శిబిరాల్లో పెట్టారు. శిబిరానికి రానివాళ్ల మీద మావోయిస్టుల మనుషులన్న ముద్ర పడింది, వచ్చినవాళ్లు మావోయిస్టులకు శత్రువులయ్యారు. ఊళ్లు తగలబడ్డాయి, హత్యలు, అత్యాచారాల ఆరోపణలు వచ్చాయి. అటు 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపారు.

అంటే ఇది రెండు జాతుల మధ్య వచ్చిన గొడవ కాదు. ఒకే జాతిని, కొన్నిచోట్ల ఒకే కుటుంబాన్ని రెండుగా చీల్చిన గొడవ. ఎటూ చేరలేనివాళ్లు శబరి దాటి చింతూరు వైపు, చర్ల, దుమ్ముగూడెం అడవుల వైపు వచ్చేశారు. ఇలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవాళ్లు 30 వేల నుంచి 50 వేల మంది ఉంటారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో అంచనా వేసింది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

ఈ వ్యవహారంపై ప్రొఫెసర్ నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మన తెలుగువాడైన మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ 2007లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2011 జూలై 5న జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. అప్పటికి సుమారు 6,500 మంది ఆదివాసీ యువకులు ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్పీవోలుగా పనిచేస్తున్నారు. ఐదో తరగతి చదివితే చాలు, నెలకు 3,000 రూపాయలు ఇచ్చి తుపాకీ చేతికిచ్చేవారు. ఇది రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది. మావోయిస్టుల మీద పోరుకు వాళ్లను వాడొద్దని, ఆయుధాలు వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ కొత్త చట్టం తెచ్చి వాళ్లను సహాయక దళంలోకి తీసుకుంది.

తీర్పుతో సల్వా జుడుంకు చట్టపరంగా తెరపడింది. కానీ సరిహద్దు దాటి వచ్చినవాళ్లను తిరిగి ఊరికి చేర్చే బాధ్యత ఏ ఒక్క ప్రభుత్వం మీదా పడలేదు.

ఒక్క తేదీ దగ్గర ఆగిపోయిన హక్కు

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి సాగులో ఉన్న ఆదివాసీలకే పట్టా వస్తుంది. సల్వా జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. వలసలు ఎక్కువగా జరిగింది ఆ తర్వాత. కాబట్టి ఇక్కడ పోడు కొట్టుకున్నవాళ్లకు తేదీ అడ్డం వస్తుంది.

అదే చట్టంలో 3(1)(ఎం) అనే సెక్షన్ ఉంది. అక్రమంగా అడవి నుంచి వెళ్లగొట్టబడినవాళ్లకు బదులు భూమితో సహా పునరావాసం పొందే హక్కు ఇస్తుంది. ఇక్కడా 2005 డిసెంబర్ 13కు ముందు నిర్వాసితులైనవాళ్లకే అన్న షరతు ఉంది. 2006లో ఊరు తగలబడినవాడికి ఈ సెక్షన్ కూడా అందదు.

ఇక కులపత్రం సంగతి. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి ఉంటుంది. ఒక రాష్ట్రం ఎస్టీ ఇంకో రాష్ట్రానికి వలస వెళ్తే అక్కడ ఆ హోదా రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లోనే చెప్పింది. గొత్తికోయల పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినా రిజర్వేషన్ దగ్గర ఆగిపోయేది ఇందుకే.

పైగా 2014లో పోలవరం కోసం భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం, చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. దాంతో ఒకే వలస రెండు రాష్ట్రాల లెక్కల్లోకి చీలిపోయింది.

అడవిలో కొత్త గొడవ

భూమి హక్కు లేకుండా పోడు చేస్తే అటవీశాఖ సిబ్బందితో గొడవ తప్పదు. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో గొత్తికోయల గుడిసెలు కూల్చేశారు. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర అటవీ రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావును గొత్తికోయలు నరికి చంపారు. మొక్కల ప్లాంటేషన్ దగ్గర మొదలైన గొడవ అది. విధి నిర్వహణలో ఉన్న అధికారి ప్రాణం పోయింది. ఈ కేసులో ఇద్దరికి 2023లో కోర్టు జీవిత ఖైదు వేసింది. కానీ హత్య తర్వాత గొత్తికోయలందరినీ పంపేయాలన్న డిమాండ్ వచ్చింది. ఇద్దరు చేసిన నేరానికి వేల కుటుంబాలు అనుమానం మోశాయి.

ప్రపంచంలో ఎలా సర్దారు?

శాంతిసేన వచ్చినంత మాత్రాన శాంతి రాదని బోస్నియా చూపించింది. ఐక్యరాజ్యసమితి సురక్షిత ప్రాంతంగా ప్రకటించిన స్రెబ్రెనిత్సాలో, డచ్ సైనికులు ఉండగానే, 1995 జూలైలో 8 వేల మంది వరకు ముస్లిం పురుషులు, అబ్బాయిలు హత్యకు గురయ్యారు.

పక్కనే ఉన్న క్రొయేషియాలో కథ వేరుగా నడిచింది. సెర్బుల చేతిలో ఉన్న తూర్పు స్లావోనియాను క్రొయేషియాలో తిరిగి కలిపేందుకు 1995 నవంబర్ 12న ఎర్దుత్ ఒప్పందం కుదిరింది. 1996 జనవరి 15 నుంచి 1998 జనవరి 15 వరకు ఐక్యరాజ్యసమితి ఆ ప్రాంతాన్ని స్వయంగా నడిపింది. సుమారు 5 వేల మంది సైనికులు వచ్చారు. ముందు ఆయుధాలు తీయించారు. తర్వాత రెండు వర్గాలవాళ్లతో కలిపి పోలీసు దళం పెట్టారు, జనానికి పౌరసత్వ పత్రాలు ఇప్పించారు, 1997 ఏప్రిల్‌లో ఎన్నికలు జరిపారు. అంతా సాఫీగా ఏం జరగలేదు, చాలామంది సెర్బులు తర్వాత వెళ్లిపోయారు. అయినా యుద్ధం మళ్లీ రాలేదు. అక్కడ పని జరగడానికి కారణం రెండు పక్షాలకూ పైన ఒకే బాధ్యుడు, ఒక గడువు ఉండటం.

మన దేశంలోనే ఒక దారి

ఇంత దూరం పోనక్కర్లేదు. మిజోరంలో 1997లో జరిగిన జాతి ఘర్షణలతో బ్రూ ఆదివాసీలు త్రిపురకు పారిపోయి శిబిరాల్లో ఉన్నారు. 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ సంఘాలు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. సుమారు 34 వేల మందిని త్రిపురలోనే స్థిరపరచాలి, ప్యాకేజీ 600 కోట్లు. కుటుంబానికి ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర, 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేల రూపాయలు, ఉచిత రేషన్, త్రిపురలోనే ఓటు.

గొత్తికోయలకు ఇలాంటి ఒప్పందం లేదు. 2008లో ఎర్రబోరు దగ్గరి నేండ్ర ఊరికి కొందరిని గాంధేయవాది హిమాంశు కుమార్ వనవాసీ చేతన ఆశ్రమం తరఫున తిరిగి చేర్చారు. మరుసటి ఏడాది మే నెలలో దంతెవాడ అధికారులు ఆ ఆశ్రమాన్నే కూల్చేశారు. 2019 ఏప్రిల్‌లో చింతూరు వైపు నుంచి కొన్ని కుటుంబాలు సుక్మా జిల్లా మరాయిగూడకు వెళ్లాయి. ఇవన్నీ స్వచ్ఛంద సంస్థలు పూనుకుని చేసినవే.

ఇప్పుడు పరిస్థితి

2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో భారీ ఆపరేషన్ జరిగింది. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు నారాయణపూర్ అడవుల్లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. అక్టోబర్‌లో మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయారు. మావోయిజం అంతానికి కేంద్రం 2026 మార్చి 31 గడువు పెట్టుకుంది. లొంగిపోయినవాళ్లకు నగదు, ఇల్లు, ఉపాధి ఇచ్చే పాలసీలు రాష్ట్రాల దగ్గర ఉన్నాయి. తుపాకీ ఎప్పుడూ పట్టకుండా పారిపోయి వచ్చినవాడికి అలాంటి పాలసీ ఏదీ లేదు.

సొంత దేశంలోనే నిర్వాసితులైనవాళ్ల గురించి ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. తిరిగి వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా, మరోచోట స్థిరపడాలా అన్నది వాళ్లే తేల్చుకోవాలి, వసతి కల్పించడం ప్రభుత్వాల బాధ్యత అని అవి చెబుతాయి. ఇవి చట్టం కావు, కోర్టులో పట్టుబట్టలేం. కానీ దారి చూపిస్తాయి.

ఆ దారిలో మొదటి పని లెక్క తీయడం. ఏ కుటుంబం ఏ ఊరి నుంచి, ఏ ఏడాది వచ్చిందో మూడు రాష్ట్రాలు కలిసి జాబితా చేయాలి. వెళ్తామన్నవాళ్లకు అక్కడి భూమి, భద్రత చూపాలి. ఉంటామన్నవాళ్లకు బ్రూల తరహాలో ఇక్కడ స్థలం, కులపత్రం తేల్చాలి. 2005 డిసెంబర్ తేదీ సడలించాలంటే పార్లమెంటు చట్టాన్ని సవరించాలి, ఒక్క రాష్ట్రం వల్ల అయ్యే పని కాదు. బ్రూల విషయంలో కేంద్రం మధ్యలో కూర్చున్నాకే రెండు రాష్ట్రాలు సంతకం పెట్టాయి.