పుట్టలోంచి సొరుగులోకి

చిన్న ఫ్లాటుకి ఏ పాము సరిపోతుందని పెంచేవాళ్ళని అడిగితే, తరచు వినిపించే పేరు బాల్ పైథాన్. పశ్చిమాఫ్రికా కొండచిలువ. ఐదడుగులు దాటడం అరుదు. బెదిరితే కాటెయ్యకుండా బంతిలా చుట్టుకుపోతుంది.

బెనిన్‌లోని విదా పట్నంలో వీటికి గుడి ఉంది. రాత్రిళ్ళు ఊళ్ళోకి వెళ్ళి ఎవరింట్లోనైనా దూరితే, జనం మర్యాదగా తెచ్చి గుళ్ళో వదులుతారు. అదే బెనిన్ నుంచీ, పక్కనున్న టోగో, ఘనాల నుంచీ ఇవి లక్షల సంఖ్యలో ఎగుమతయ్యాయి. 1992లో అమెరికాలో బాబ్ క్లార్క్ ఆల్బినో పిల్లల్ని పుట్టించాక రంగుని బట్టి ధర మొదలైంది. కొత్త రంగు కావాలంటే బోలెడు పాముల్ని జతకట్టించాలి, వాటన్నిటికీ చోటు కావాలి. అచ్చం మా సర్వర్ ర్యాకుల్లాగే, వరసగా ప్లాస్టిక్ సొరుగులు!

పుట్టల్లో, ఎలక బొరియల్లో ఉండే జీవమే కదా, సొరుగు చాలదా అంటారు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకీ ఆ మాట సబబుగానే తోస్తుంది. కానీ పుట్ట పగటి నిద్రకే. రాత్రయితే అది వేటకి బయల్దేరుతుంది, మగవి చెట్లూ ఎక్కుతాయి. ఒళ్ళంతా సాగదీసి పడుకోడానికి నాలుగడుగుల పాముకి కనీసం నాలుగడుగుల పెట్టె కావాలి, అదీ ఇరవై ముప్ఫై ఏళ్ళు. పాము రంగు ఎంచుకునే ముందు, మంచం పక్కన ఆ నాలుగడుగులు ఉన్నాయో లేదో టేపు పెట్టి కొలుచుకోవాలి.