కఱవులో మొలకెత్తిన విశ్వాసము

ఒంగోలు ప్రాంతపు మాదిగలు బియ్యమునకై క్రైస్తవులైరని మనలోఁ బెక్కండ్రు తేలికగాఁ బలుకుచుందురు. చరిత్రమును గొంచెము పరిశీలింతము.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. బాప్టిస్టు మిషనరీయగు క్లౌ దొర బకింగుహాము కాలువలో 3 మైళ్లకుఁ బైఁబడిన భాగమును గుత్తకుఁ దీసికొని, ఆఁకలిగొన్న వేలమందికిఁ గూలి కల్పించెను. స్వదేశ బోధకులే పనిమీఁద మేస్త్రీలైరి. కూలివారు మట్టితట్ట దింపి కూర్చున్న వేళ, భారము మోయువారికి విశ్రాంతి గలదన్న క్రీస్తు బోధను వినిపించిరి. ఊరి బావికడకు రానీయఁబడని వారికి, తమవారే బోధకులై ప్రక్కనఁ గూర్చుండి మాటలాడుట యెంత యూఱటయో మన మూహింపవచ్చును.

అయినను క్షామధనము పంచుచున్నంతకాలము, అనఁగా సుమారు 15 నెలలు, దొర యెవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. సాయము ముగిసినపిదప, ఇఁక ధనము లేదని చెప్పి పంపెను. అప్పుడును జనులు వచ్చిరి. వారడిగినది అన్నము గాదు, బాప్తిస్మము. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లి కడ, ఒక్కనాఁడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కృతజ్ఞతయు నందుఁ గలసియుండవచ్చును, కాదనము. కాని బియ్యము ముగిసినపిదప మిగిలిన దానిని బియ్యమనుట న్యాయము గాదు. తమ్ము మనుష్యులుగా నెంచు సంఘ మొకటి కలదను నమ్మకమే వారి నా నీటిలోనికి దింపెనని మా తలంపు. ఆ నమ్మకమును మన మేల యీయలేకపోతిమని ప్రశ్నించుకొనుట నేఁటికిని మన విధి.