సగం ఖాళీగా ఉన్నా కదలని మెషిన్

2017. గూగుల్‌లో క్రోమ్ బ్రౌజర్ మీద పనిచేసే ఇంజనీరు బ్రూస్ డాసన్ ముందున్నది మామూలు కంప్యూటర్ కాదు. 24 కోర్లు, 48 థ్రెడ్లు, 64 జీబీ ర్యామ్, మంచి ఎస్‌ఎస్‌డీ. విండోస్ 10 మీద క్రోమ్ బిల్డ్, అంటే కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే పని, నడుస్తోంది. మౌస్ కదిపితే స్క్రీన్ మీద బాణం తడబడుతోంది. ఒక్కోసారి కొన్ని సెకన్ల పాటు బిగుసుకుపోతోంది.

చూస్తే ప్రాసెసర్ సగం ఖాళీ. ర్యామ్ సగం కూడా నిండలేదు. డిస్కుకు పెద్దగా పనే లేదు. మన రిపేరు షాపులోనైతే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అనేసేవారు. ఫార్మాట్ చేసినా ఇది పోయేది కాదు.

ఇలా వచ్చి పోయే సమస్యను అది వచ్చాక పట్టుకుందామంటే కుదరదు. ముందునుంచే కాపు కాయాలి. విండోస్‌లోని ఈటీడబ్ల్యూ ట్రేసింగ్‌ను ఆన్ చేసి ఉంచితే, ఏ థ్రెడ్ ఎప్పుడు నడిచింది, ఎవరి కోసం ఆగింది, ఎవరు లేపితే లేచింది అన్నీ రికార్డవుతాయి. మౌస్ ఆగిన మరుక్షణం ఆ రికార్డును సేవ్ చేసుకోవడమే. డాసన్‌కు ఇది ఎప్పుడూ ఉన్న అలవాటే.

ట్రేస్ తెరిచాడు. స్క్రీన్ పని చూసే థ్రెడ్ ఒక లాక్ కోసం, అంటే ఒకసారికి ఒక్కరికే దొరికే తాళం కోసం, ఎదురుచూస్తోంది. ఆ లాక్ వదిలింది ఎవరు? పని ముగించుకుని చచ్చిపోతున్న ఒక ప్రాసెస్. దానికి లాక్ ఇచ్చింది? చచ్చిపోతున్న ఇంకో ప్రాసెస్. వెనక్కి తవ్వినకొద్దీ ఇదే వరస.

క్రోమ్ బిల్డ్ అంటే వందలాది ప్రాసెస్‌లు పుట్టి పోతుంటాయి. పుట్టడానికి అడ్డు లేదు. పోయేటప్పుడే చిక్కు. వెయ్యిమంది ఒకేసారి తినగల పెళ్లి భోజనాల హాల్లో చేతులు కడుక్కోడానికి ఒకటే కుళాయి ఉన్నట్టు, గ్రాఫిక్స్ లెక్కలు సర్దుకునే చోట విండోస్ 10 వాటన్నిటినీ ఒకే లాక్ దగ్గర నిలబెట్టింది. మౌస్ కూడా ఆ క్యూలోనే! డాసన్ ఒక చిన్న టెస్టు ప్రోగ్రామ్ రాసి, వెయ్యి ప్రాసెస్‌లను పుట్టించి చంపి చూశాడు. విండోస్ 7లో చంపే పని కోర్లన్నిటి మీదా సాగిపోయింది. విండోస్ 10లో ఒక్కొక్కటిగా జరిగింది. అంటే కొత్త వెర్షన్‌తో వచ్చిన తెగులన్నమాట.

ఏడాది తర్వాత, 2018లో, ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ టెస్టుల్లో మళ్లీ అదే బిగుసుకుపోవడం. విండో తెరవని, బొమ్మ చూపని ఆ టెస్టు ప్రోగ్రాములకు గ్రాఫిక్స్ లాక్‌తో పనేమిటి? కమాండ్ లైన్‌ను ముక్కలు చేసే చిన్న ఫంక్షన్ కోసం అవి షెల్32 లైబ్రరీని జోడించుకున్నాయి. షెల్32 తనతో గ్రాఫిక్స్ లైబ్రరీ జీడీఐ32ను లాక్కొచ్చింది. ఆ ఫంక్షన్‌ను ఒక్కసారైనా పిలవకపోయినా, జోడించిన పాపానికి టెస్టు ప్రోగ్రామ్ అయిదు రెట్లు నెమ్మదించింది. అవసరమైతేనే షెల్32 లోడ్ అయ్యేలా లింకర్‌కు చెప్పాక ఆ బాధ తప్పింది.