ఖాళీ కుర్చీకి అరవై రోజులు

ఘనాలో పోలింగ్ రోజు ఇలా తెల్లవారుతుంది. పొద్దున ఏడు గంటలకు బడి వరండాలోనో, చెట్టు నీడలోనో ఒక బల్ల వేస్తారు. దాని మీద ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. ప్రిసైడింగ్ అధికారి ఆ పెట్టెను రెండు చేతులా పైకెత్తి బోర్లిస్తాడు. లోపలినుంచి ఏమీ రాలదు. వరసలో నిలబడ్డవాళ్లందరికీ చూపించి, మూతకు సీలు బిగించి, తిరిగి బల్ల మీద పెడతాడు. ఇక సాయంత్రం అయిదు దాకా ఆ పెట్టె అందరి కళ్లెదుటే ఉంటుంది. దాని గోడల్లోంచి ఇటువాళ్లకు అటు కనబడుతుంది. మడత పెట్టిన ఓటు చీటీ లోపల పడటం చివర నిలబడ్డ ముసలమ్మకు కూడా కనబడుతుంది.

ఇంత మామూలు పెట్టె కోసం ఒక దేశం ఎంత దూరం నడిచి వచ్చిందో తెలియాలంటే ముందు ఖాళీ కుర్చీ సంగతి చెప్పుకోవాలి. పార్లమెంటు సభ్యుడు ఒకరు కన్నుమూస్తారు. లేదా కోర్టు ఆయన ఎన్నిక చెల్లదంటుంది. కుర్చీ ఖాళీ అవుతుంది. అందులో ఎవరు కూర్చోవాలో ఆ ఒక్క నియోజకవర్గం మళ్లీ ఓటేసి తేల్చాలి. వినడానికి చిన్న పనే. కానీ ఓడినవాడు కూడా ‘అవును, అవతలివాడే గెలిచాడు’ అని ఒప్పుకోవాలి కదా! ఆ ఒప్పుదల ఎలా పుట్టించాలి? ఈ చిక్కుముడి విప్పడానికి ఘనా పడ్డ పాట్లు ప్రయోగశాలలో ఏళ్ల తరబడి కూర్చున్న శాస్త్రవేత్త పాట్లకు తీసిపోవు.

మొదట్లో నమ్మకానికి కొదవ లేదు. ఆ దేశం ఇంకా గోల్డ్ కోస్ట్ అన్న పేరుతో బ్రిటిషువారి ఏలుబడిలో ఉన్నప్పుడు, 1951 ఎన్నికల్లో క్వామే ఎన్‌క్రూమా జైల్లో ఉండే పోటీ చేశారు. అక్రా సెంట్రల్‌లో పోలైన 23,122 ఓట్లలో 22,780 ఆయనవే. గవర్నరు ఆయనను విడుదల చేసి ప్రభుత్వాన్ని నడపమని పిలిచాడు. 1957 మార్చి 6న ఘనా స్వతంత్ర దేశమైంది. కానీ పదేళ్లు తిరక్కుండానే అదే ఎన్‌క్రూమా హయాంలో ఒకే పార్టీ మిగిలింది. 1965లో అభ్యర్థులందరూ ఏకగ్రీవంగా గెలిచినట్టు ప్రకటించేశారు. ఒక్క ఓటూ పడలేదు. ఆ తర్వాత 1966, 1972, 1979, 1981... తుపాకులు వచ్చాయి, పార్లమెంట్లు పోయాయి. కుర్చీలన్నీ ఒకేసారి ఖాళీ అయిపోతుంటే ఒక్క కుర్చీని నింపే విద్య ఎవరికి కావాలి?

1992లో కొత్త రాజ్యాంగం వచ్చింది. నవంబరు 3న అధ్యక్ష ఎన్నిక జరిగింది. అప్పటిదాకా సైనిక పాలకుడిగా ఉన్న జెర్రీ రాలింగ్స్ గెలిచారు. ప్రతిపక్షాలు ఆ లెక్కను నమ్మలేదు. జాబితాలో దొంగ ఓట్లున్నాయన్నారు, పెట్టెల్లో ఏం జరిగిందో ఎవరు చూశారన్నారు. అప్పటి పెట్టెల్లోంచి నిజంగానే ఏమీ కనబడేది కాదు. డిసెంబరు 29న పార్లమెంటు ఎన్నికలు జరిగితే వాళ్లు పోటీకే రాలేదు. 200 సీట్లలో 189 ఒక్క పార్టీకే పోయాయి. కుర్చీలన్నీ నిండాయి గాని, దేశంలో సగంమంది దృష్టిలో ఆ సభ ఖాళీగానే ఉంది.

ఈ దశలో కథలోకి డాక్టర్ క్వాద్వో అఫారి-జాన్ వస్తారు. రాజనీతి శాస్త్రం చెప్పిన పంతులుగారు. 1993లో కొత్తగా ఏర్పడిన ఎన్నికల సంఘానికి అధ్యక్షుడై, 2015 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. ఆయన ముందున్న ప్రశ్న సులువైనది కాదు. ఎంత నిజాయితీగా ఎన్నిక జరిపినా, చూడనివాడు నమ్మడు. మరి అందరికీ ఎలా చూపించాలి? 1994 మార్చిలో పార్టీలన్నింటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ఆ వేదికను అక్కడ ఇప్యాక్ అంటారు, అంటే పార్టీల సలహా సంఘం. ఎన్నికల సంఘాన్ని దొంగ అని తిట్టినవాళ్లూ, ఆ సంఘమూ ఎదురెదురుగా కూర్చున్నారు. మొదట్లో అనుమానమే మాట్లాడింది. అయినా సమావేశాలు ఆగలేదు. ఆ బల్ల చుట్టూ సాగిన తగవుల్లోంచే ఒక్కొక్క మార్పూ పుట్టింది. పాత జాబితా పక్కనబెట్టి 1995లో కొత్తది రాశారు. రాస్తున్నప్పుడు పార్టీల మనుషులు పక్కనే ఉన్నారు. ఓటర్లకు గుర్తింపు కార్డులిచ్చారు. పెట్టె గోడలు పారదర్శకమయ్యాయి. 1996 డిసెంబరు 7న ఆ పెట్టెలతోనే అధ్యక్షుడికీ పార్లమెంటుకూ ఒకే రోజు ఓటేశారు. ప్రతిపక్షం ఓడిపోయింది, అయినా సభలోకి వచ్చి కూర్చుంది. నా మటుకు ఈ కథలో అసలైన ఆవిష్కరణ ఆ బల్లే. పెట్టె దాని బిడ్డ.

లెక్కింపు కూడా అక్కడికక్కడే. అయిదు కొట్టగానే పెట్టె తెరిచి, ఒక్కొక్క చీటీని పైకెత్తి చూపిస్తారు. అభ్యర్థి బొమ్మ పక్కన ఓటరు బొటనవేలి ముద్ర ఎక్కడ పడిందో చూసి గట్టిగా చదువుతారు. చుట్టూ మూగినవాళ్లు వేళ్లమీద లెక్కేసుకుంటారు. చివరికి ఆ అంకెలన్నీ ఒక గులాబీ కాగితం మీదికి ఎక్కుతాయి. పార్టీల ఏజెంట్లు సంతకాలు చేస్తారు, తలా ఒక ప్రతి తీసుకుంటారు. ‘పింక్ షీట్’ అంటే ఇవాళ ఘనాలో పిల్లలకు కూడా తెలుసు. ఓటరు వేలి మీద చెరగని సిరా మనకు పరాయిది కాదు. మన 1962 ఎన్నికల నుంచి మైసూరు కార్ఖానాలో తయారవుతున్న ఆ సిరా ఘనాకూ ఎగుమతి అయింది.

ఖాళీ కుర్చీకి గడువు పెట్టడం మరో చిక్కు. నెలల తరబడి ఖాళీగా వదిలేస్తే ఆ ఊళ్ల గోడు సభలో చెప్పే దిక్కుండదు. మరీ తొందరపెడితే అభ్యర్థిని వెతుక్కునే వ్యవధి చాలదు. రాజ్యాంగం లెక్క కట్టింది. ఖాళీ ఏర్పడితే పార్లమెంటు క్లర్కు ఏడు రోజుల్లో ఎన్నికల సంఘానికి రాసి తెలపాలి. 30 రోజుల్లో ఉప ఎన్నిక జరగాలి. సభ్యుడు చనిపోయి ఖాళీ ఏర్పడితే 60 రోజులు. సాధారణ ఎన్నికలు మూడు నెలల్లోపు ఉంటే అసలు జరపకూడదు. చావుకు ఇచ్చిన ఆ రెట్టింపు గడువు నా మనసును తాకింది. ఘనాలో, ముఖ్యంగా అకాన్ ప్రజల్లో, అంత్యక్రియలు వారాలూ నెలలూ పట్టే పెద్ద కార్యం. పోయినవాడి కోసం ఏడవడానికి ఊరికి కొంత సమయం కావాలి, తర్వాతే ఓటు.

ఇంకో ముచ్చట. అక్వాటియా, ఎజిసు, కుమావు, అసిన్ నార్త్, తాలెన్సి, అతివా... ఈ నియోజకవర్గాల ఉప ఎన్నికల తేదీలు క్యాలెండరులో వెతికితే అన్నీ మంగళవారాలే. మనం మంగళవారం మంచిపని మొదలుపెట్టడానికి వెనకాడతాం, వాళ్లు ఆ రోజే ఓటుకు బయల్దేరతారు.

కుర్చీ ఖాళీ అయ్యే తీరులు కూడా విచిత్రంగా ఉంటాయి. 2013 జనవరిలో అకాట్సి సౌత్ సభ్యుడు ఎడ్వర్డ్ డో అజాహో స్పీకరయ్యారు. అక్కడ స్పీకరైనవాడు నియోజకవర్గాన్ని వదులుకోవాలి, అందుకని ఫిబ్రవరి 5న ఉప ఎన్నిక. ఉత్తరాదిన తాలెన్సి సభ్యుడు తన జనానికి సంప్రదాయ పెద్దరాజుగా గద్దెనెక్కారు. రాజులు పార్టీ రాజకీయాల్లో దిగకూడదని రాజ్యాంగం. ఆయన పాత కుర్చీ కోసం 2015 జులై 7న ఓటింగు పెట్టారు.

తాలెన్సి దగ్గరే కథ చీకటి మలుపు తిరిగింది. చెప్పాలంటే అతివాలోనే ఆ ఛాయలు కనిపించాయి, 2010 ఆగస్టు 31న. సాధారణ ఎన్నికల్లో పార్టీల బలం దేశమంతా పరచుకుని ఉంటుంది. 2012 నాటికి 275 నియోజకవర్గాలయ్యాయి. ఉప ఎన్నికలో ఆ బలమంతా ఒక్క చోట కుప్పపడుతుంది. మంత్రులు, పార్టీ పెద్దలు, డబ్బు, జీపులు, వాటి వెనక కండలు తిరిగిన కుర్రాళ్లు. వాళ్లను ఘనాలో ‘మాచో మెన్’ అంటారు. తాలెన్సిలో రెండు పార్టీల మూకలూ తలపడ్డాయి. అంతకుముందే, 2012లో, ఓటర్లను గుర్తుపట్టే వేలిముద్ర యంత్రాలు తెచ్చారు. కొన్నిచోట్ల అవి మొరాయిస్తే మర్నాడు కూడా ఓటింగు జరిపారు. ఒకరి ఓటు ఇంకొకరు వెయ్యకుండా అడ్డుకోవడం యంత్రానికి చేతనైంది. బయట కర్ర పట్టుకుని నిలబడ్డవాణ్ని ఆపడం దానికి చేతకాలేదు. పెట్టె లోపలిదంతా కనబడేలా చేసినవాళ్లకు పెట్టె బయటి భయాన్ని ఏం చెయ్యాలో తోచలేదు.

2016 ఫిబ్రవరి 9న అబువాక్వా నార్త్ సభ్యుడు జె.బి. డాంక్వా-అడు తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. మార్చి 29న ఉప ఎన్నిక. అధికార పార్టీ తన అభ్యర్థిని నిలపలేదు. ఆ మౌనం కూడా ఒక విద్యే. కానీ అది అందరికీ వంటబట్టలేదని మూడేళ్లకే తేలింది.

2019 జనవరి 31, గురువారం. అక్రా నగరంలోని అయవాసో వెస్ట్ వుగన్. సభ్యుడు ఇమాన్యుయెల్ కెరెమాటెంగ్ అజార్కో చనిపోగా ఆయన భార్య లిడియా అల్హసన్ అధికార పార్టీ తరఫున నిలబడ్డారు. పొద్దున్నే ముసుగులేసుకున్న, ఆయుధాలు పట్టిన మనుషులు దిగారు. జాతీయ భద్రతా సిబ్బంది అన్నారు. లా బావలేషిలో, ప్రతిపక్ష అభ్యర్థి ఇంటి దగ్గర, తుపాకులు పేలాయి. జనం గాయపడ్డారు. ఒక పార్లమెంటు సభ్యుణ్ని చెంపదెబ్బ కొట్టడం దేశమంతా తెరలమీద చూసింది. మధ్యలోనే ప్రతిపక్షం పోటీనుంచి తప్పుకుంది. ఓటర్లలో అయిదో వంతు మంది కూడా ఓటెయ్యలేదు. పెట్టెలు ఎప్పటిలాగే పారదర్శకంగా ఉన్నాయి. వాటిలోకి పడటానికి చీటీలే సరిగా రాలేదు.

ఇక్కడ ఆగిపోయి ఉంటే ఈ కథ రాయాల్సిన అవసరం ఉండేది కాదు. దెబ్బ తగిలిన చోటునుంచే మళ్లీ మొదలుపెట్టారు. న్యాయమూర్తి ఎమిల్ షార్ట్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. రువాండా మారణకాండ మీద ఏర్పడ్డ అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో తీర్పులు చెప్పినాయన. ఆ ఉదయం ఎవరు ఎవరిని పంపారో, తుపాకీ ఎవరి చేతిలో ఉందో బహిరంగంగా సాక్ష్యాలు తీసుకున్నారు, జనం ఇళ్లలో కూర్చుని టీవీల్లో చూశారు. నివేదికలోని చాలా సిఫారసులను ప్రభుత్వం కాదంది. ఆ ముక్క రాస్తుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అయినా అదే ఏడాది పార్టీల ప్రైవేటు మూకలను నిషేధిస్తూ 999వ నంబరు చట్టం వచ్చింది. అలాంటి మూకలో చేరి దౌర్జన్యానికి దిగితే కనీసం పదేళ్ల జైలు.

తర్వాతి పరీక్ష ఊహించనంత పెద్దదైంది. 2020 ఎన్నికల్లో పార్లమెంటులో రెండు పార్టీలకూ చెరి 137 సీట్లు వచ్చాయి, ఒక్కరు స్వతంత్రులు. ఇక ఏ కుర్చీ ఖాళీ అయినా త్రాసు ఊగుతుంది. 2023 మే 23న కుమావులో ఉప ఎన్నిక. చిత్రమేమిటంటే అక్కడ ఇద్దరు స్వతంత్ర అభ్యర్థుల పేర్లూ ఒక్కటే. పోలిక పేరుతో ఓట్లు చీల్చే ఎత్తు తెలుగువాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. దానికి ఆరు రోజుల ముందే, మే 17న, అసిన్ నార్త్ సభ్యుడు జేమ్స్ గ్యాకే క్వేసన్ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నామినేషను వేసేనాటికి ఆయనకు కెనడా పౌరసత్వం ఉందన్నది కారణం. పార్లమెంటు రికార్డులనుంచి ఆయన పేరు తీసేశారు. అప్పటికి ఆ పౌరసత్వం వదిలేసుకున్నారు కనుక ఆయనే మళ్లీ నిలబడ్డారు.

జూన్ 27, మంగళవారం. ఊరి నిండా పోలీసులు, రెండు పార్టీల మహామహులు. సాయంత్రానికి గులాబీ కాగితాలు ఒక్కచోట చేరాయి. క్వేసన్‌కు 17,245 ఓట్లు, అధికార పార్టీ అభ్యర్థికి 12,630, మూడో అభ్యర్థికి 87. కోర్టు తీసేసిన మనిషిని ఓటరు తిరిగి పంపాడు, కోర్టు మాటా నిలిచింది, ఓటరు మాటా నిలిచింది. అధికార పార్టీ ఓడింది, ఆ అంకెల్ని ఎన్నికల సంఘం అలాగే చదివింది.

2024 అక్టోబరులో స్పీకర్ ఆల్బన్ బాగ్బిన్ ఒకేసారి నాలుగు సీట్లు ఖాళీ అయ్యాయని ప్రకటించారు. ఆ సభ్యులు వచ్చే ఎన్నికలకు పార్టీని వదిలి స్వతంత్రులుగానో, స్వతంత్రుడు పార్టీ తరఫునో నామినేషన్లు వేశారన్నది కారణం. నవంబరులో సుప్రీంకోర్టు ఆ మాట చెల్లదంది. అసలు కుర్చీ ఎప్పుడు ఖాళీ అయినట్టు అన్న ప్రశ్నే అంత పెద్ద తగువయింది. డిసెంబరు ఎన్నికలు ముంగిట్లో ఉండటంతో ఉప ఎన్నిక మాట రాలేదు.

2025లో వజ్రాల గనుల ఊరు అక్వాటియా వంతు. దానికి ముందు జులైలో అక్రా నగరంలో 19 కేంద్రాల్లో రీపోలింగ్ జరిగితే ఒక మాజీ మంత్రిమీదే మూకలు చెయ్యి చేసుకున్నాయి. పాత జబ్బు పోలేదని అందరికీ తెలిసిపోయింది. అందుకే సెప్టెంబరు 2న అక్వాటియాకు వేల సంఖ్యలో పోలీసుల్ని దింపారు. ఆ పగలు ప్రశాంతంగా గడిచింది. సీటు ఒక పార్టీనుంచి ఇంకో పార్టీకి సుమారు 3 వేల ఓట్ల తేడాతో మారింది.

ఆ మధ్యలోనే, ఆగస్టు 6న హెలికాప్టర్ కూలి ఎనిమిదిమంది చనిపోయారు. అందులో ఇద్దరు మంత్రులు. వాళ్లలో ఒకరైన ఇబ్రహీం ముర్తలా ముహమ్మద్ టమాలే సెంట్రల్ సభ్యుడు. ఆ కుర్చీ కోసం సెప్టెంబరు 30న ఉప ఎన్నిక పెట్టారు. ఈసారి ప్రతిపక్షం తన అభ్యర్థిని నిలపలేదు, పోయినవారి గౌరవార్థం. చివరికి బరిలో ఒక్కరే మిగిలారు. టమాలేలో ఆ మంగళవారం ఎవరూ పెట్టెను బోర్లించి చూపించాల్సిన పని పడలేదు.