4.3 బార్బుడా: భూమి, జీవనాధారం, పాలన

గత భాగంలో కరీబియన్ దీవుల చెరకు తోటల వ్యవస్థను గురించి తెలుసుకున్నారు. అయితే ఆ దీవులన్నింటి చరిత్ర ఒకే విధంగా సాగిందని భావించరాదు. చెరకు తోటలు లేని బార్బుడాలో ప్రజలకూ భూమికీ మధ్య వేరొక సంబంధం ఏర్పడింది. అది ఎలా ఏర్పడిందో, నేడు ఎందుకు వివాదాస్పదమైందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

4.3.1 భౌగోళిక స్వరూపం

బార్బుడా ఆంటిగ్వా దీవికి ఉత్తరాన సుమారు 50 కి.మీ. దూరంలో ఉంది. వైశాల్యం దాదాపు 160 చ.కి.మీ. ఇది సున్నపురాతితో ఏర్పడిన చదునైన దీవి. అత్యంత ఎత్తైన ప్రదేశం కూడా 50 మీటర్లకు మించదు. మట్టి పొర పలుచన, వర్షపాతం తక్కువ. పడమటి వైపున్న పెద్ద ఉప్పునీటి సరస్సు చుట్టూ మడ అడవులున్నాయి. వాటిలో ఫ్రిగేట్ పక్షులు వేల సంఖ్యలో గూళ్లు కడతాయి. ప్రజల్లో అత్యధికులు కోడ్రింగ్టన్ అనే ఒకే గ్రామంలో నివసిస్తారు.

4.3.2 ఆర్థిక వ్యవస్థ

1685లో బ్రిటిష్ రాజు ఈ దీవిని కోడ్రింగ్టన్ కుటుంబానికి కౌలుకిచ్చాడు. ఇక్కడి నేల చెరకుకు అనుకూలం కాదు. అందువల్ల ఆ కుటుంబం ఆంటిగ్వాలోని తన చెరకు తోటలకు అవసరమైన పశువులను, ఆహారాన్ని, కలపను ఇక్కడి నుంచి తరలించింది. ఆ పనులన్నీ చేసినవారు ఆఫ్రికా సంతతి బానిసలు. పశువులను కాయడం, చేపలు పట్టడం, సొంత తిండికి మడులు సాగుచేసుకోవడం వారి జీవనంలో భాగమయ్యాయి.

1834లో బానిసత్వం రద్దయింది. ఆంటిగ్వాలో విముక్తులైన వారిలో చాలామంది కూలి కోసం మళ్లీ తోటలనే ఆశ్రయించవలసి వచ్చింది. బార్బుడావారు మాత్రం పాత మడులను, మేత భూములను ఉమ్మడిగా వాడుకోవడం కొనసాగించారు. కౌలు 1870లో ముగిసినా ఈ ఆచారం నిలిచింది. నేటి ఆదాయ వనరుల్లో లోబ్‌స్టర్ల వేట, పర్యాటకం, ప్రభుత్వ ఉద్యోగాలు ముఖ్యమైనవి.

4.3.3 పాలన, భూమి వివాదం

1860లో బార్బుడాను ఆంటిగ్వాతో కలిపారు. 1976 చట్టం స్థానిక వ్యవహారాల నిర్వహణకు బార్బుడా కౌన్సిల్‌ను ఏర్పాటు చేసింది. 1981లో రెండు దీవులూ ఒకే స్వతంత్ర దేశమయ్యాయి. 2007 నాటి భూమి చట్టం దీవిలోని భూమి బార్బుడా ప్రజల ఉమ్మడి సొత్తని ప్రకటించింది. భారీ ప్రాజెక్టులకు వారి అంగీకారం తప్పనిసరి చేసింది.

2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను దీవిని ధ్వంసం చేసింది. ప్రజలందరినీ ఆంటిగ్వాకు తరలించారు. వారిలో చాలామంది తిరిగి రాకముందే కేంద్ర ప్రభుత్వం చట్టాన్ని మార్చడానికి పూనుకుంది. వ్యక్తిగత యాజమాన్యం ఉంటే బ్యాంకు రుణాలు, పెట్టుబడులు వస్తాయని ప్రభుత్వం వాదించింది. భూమి విలాస హోటళ్ల పాలవుతుందని అనేకమంది బార్బుడావాసులు భయపడ్డారు. ఈ ఉమ్మడి హక్కు రాజ్యాంగం రక్షించే ఆస్తి కిందకు రాదని 2022లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తీర్పునిచ్చింది.

ఈ ఉదాహరణలో మీరు గమనించవలసిన అంశం ఒకటుంది. తరతరాల వాడుక వల్ల ఏర్పడిన హక్కును చట్టం గుర్తించగలదు. మరొక చట్టం దాన్ని తొలగించనూగలదు. కనుక దీవి చరిత్రను చదివేటప్పుడు భూమిని ఎవరు వాడుకున్నారన్న ప్రశ్నతోపాటు, దానిపై నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బార్బుడాలో చెరకు తోటలు ఎందుకు ఏర్పడలేదు?
2. 2007 భూమి చట్టంలోని ముఖ్యాంశాలను పేర్కొని, దాని మార్పుపై ఇరుపక్షాల వాదనలను వివరించండి.